కొలువులోని ఇంగ్లీషు నుడికారము

తెలుగు నేర్చుకొనుచున్న పరదేశి యొకడు, 'లెక్క అడిగినంతనే గుమాస్తా నీళ్ళు నమలెను' అని మనము చెప్పుకొనుట విన్నాడనుకొందము. నీటిని నమలుట ఎట్లని నిఘంటువు తిరుగవేసినచో అతనికి నీళ్ళు అను మాట దొరకును, నమలుట అను మాటయు దొరకును. రెండును కలిసినప్పుడు పుట్టిన అర్థము మాత్రము ఆ రెంటిలో దేనియందును లేదు. దీనినే మన పెద్దలు నుడికారమనిరి, జాతీయమనిరి. నీళ్ళకు బదులు జలమను మాట పెట్టి 'జలము నమలెను' అన్నచో అర్థము పోయి నవ్వు మిగులును. ఇదంతయు మనకు ఉగ్గుపాలతో వచ్చినది గనుక దీనిలోని చిక్కు మనకు కనబడదు. ఇంగ్లీషు నడచు కార్యాలయమున క్రొత్తగా అడుగిడిన మన యువతీ యువకుల స్థితి సరిగా ఆ పరదేశి స్థితియే.

వీరికి ఇంగ్లీషు రాదని కాదు. వ్యాకరణము చదివినారు, పరీక్షలు నెగ్గినారు, ఉత్తరము తప్పులేక వ్రాయగలరు. అయినను హైదరాబాదులోని సాఫ్టువేరు సంస్థలో గాని, లండను నగరపు ఆసుపత్రిలో గాని, మొదటి సమావేశమున కూర్చున్నప్పుడు సగము మాటలు తలపైనుండి పోవును. పక్కవారు నవ్వినప్పుడు తామును నవ్వుదురు, తల ఊపుదురు. ఆ తల ఊపుటలోనే ప్రమాదమున్నది.

ఒక ఉదాహరణము చూతము. పై అధికారి, 'నౌ ది బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్' అనెను. మన తెలుగువారికి కోర్టనగా వకీళ్ళు, వాయిదాలు, కోర్టు పక్షులు. అచ్చటికి బంతి ఎట్లు వచ్చెను? నిజమునకది టెన్నిసు ఆటలోని మాట. బంతి నీ వైపు పడినది, ఇక కొట్టవలసినవాడవు నీవే అని భావము. అనగా అధికారి పనిని అప్పగించినాడు. క్రొత్తవానికి అది తెలియలేదు. వారము గడచినది. అధికారి ఇతని కొఱకు, ఇతడు అధికారి కొఱకు ఎదురు చూచిరి. చివరకు సోమరి యను పేరు ఎవరికి వచ్చునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతకంటె బరువైన మాట ఒకటి కలదు. 'వి హావ్ టు లెట్ యూ గో' అని యజమాని మెల్లగా, విచారముతో పలుకును. మాటకు మాట చూచినచో నిన్ను పోనిచ్చుచున్నామని అర్థము; ఇంటికి పోవుటకు సెలవిచ్చినారని ఒక అమాయకుడు సంతోషింపవచ్చును. ఆ మాటకు అర్థము ఉద్యోగము ఊడినదని. మన భాషలో పొమ్మనలేక పొగబెట్టుట యను మాట కలదు గాని, అందు పొగ ఘాటైనను తగులును. ఈ ఇంగ్లీషు మాటలో అదియు లేదు. ఇట్టి మెత్తని మాటలు విన్నప్పుడు చివరి పనిదినము ఏది, రావలసిన జీతమెంత అని అచ్చటనే అడిగి, ఆ సమాధానమును వ్రాతమూలకముగా పొందుట మేలు.

మెత్తదనము ఆజ్ఞలయందును కలదు. 'యూ మైట్ వాంట్ టు లుక్ ఎట్ దిస్' అని ఇంగ్లండువాడు అన్నచో, ఇష్టమున్న చూడుమని కాదు, తప్పున్నది చూచి దిద్దుమని సాధారణముగా అర్థము. 'నాట్ బాడ్' అన్నది పలుమారు మెచ్చుకోలు. ఇది పదముల సంగతి కాదు, మర్యాదల సంగతి. పలికిన మనిషిని కొన్నాళ్ళు గమనించిన గాని పట్టుబడదు.

ఈ జాతీయములు ఎచ్చట పుట్టినవని వెదకినచో వింతలు కనిపించును. ఓడలు నడిపిన జాతి గనుక క్రొత్తపని నేర్చుకొనుటను వారు త్రాళ్ళు నేర్చుకొనుట అందురు. తెరచాప ఓడలో ఏ త్రాడు దేనిని లాగునో తెలియనివాడు నావికుడు కాడు. మనకును నదులున్నవి గనుకనే పని చెడినప్పుడు పుట్టి మునిగినదందుము. ప్రభుత్వపు కాగితముల కట్టలకు చుట్టిన ఎఱ్ఱని నాడా నుండి 'రెడ్ టేపు' వచ్చినది. దానిని మనకు ఎవరును విప్పి చెప్పనక్కరలేదు.

'డెడ్‌లైను' మాట కథ వేఱు. నేడు ప్రతి కార్యాలయమునను నిత్యము వినబడు ఈ మాట అమెరికా అంతర్యుద్ధ కాలపు చెరసాలలలో పుట్టినది. 1864లో జార్జియా రాష్ట్రమున ఆండర్సన్‌విల్ అను చోట దక్షిణాదివారు ఉత్తరాది సైనికులను బంధించిరి. దుంగలతో కట్టిన ప్రాకారమునకు లోపల కొన్ని అడుగుల దూరమున ఒక హద్దు గీచిరి. ఆ హద్దు దాటిన ఖైదీని కావలివాడు కాల్చివేయవచ్చును. ఆ చెరలో మగ్గిన దాదాపు 45,000 మందిలో 13,000 మంది వరకు రోగములచేతను ఆకలిచేతను మరణించిరి. తరువాత 20వ శతాబ్ది తొలినాళ్ళలో అమెరికా పత్రికాకార్యాలయములందు ఈ మాట గడువు అను అర్థమున వాడుకలోనికి వచ్చినది. మనకు 'గడువు' అను చక్కని మాట ఉండగా మనమును డెడ్‌లైననియే అనుచున్నాము!

ఇంగ్లీషువారికే ఇంగ్లీషు తెలియని సందర్భములు లేకపోలేదు. 'టేబుల్' చేయుట యనగా బ్రిటనులో చర్చకు పెట్టుట. అమెరికాలో చర్చను వాయిదా వేయుట, మన మాటలో అటకెక్కించుట. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు సేనానులు ఒక కాగితమును అత్యవసరముగా చర్చకు తేవలెనని ఈ మాట వాడగా, అమెరికనులు కూడదని పట్టుబట్టిరి. చాలసేపు తీవ్రముగా వాదించుకొన్న పిమ్మట ఇరువురు కోరినది ఒక్కటేయని తేలినది. ఈ సంగతిని చర్చిలు 1950లో వెలువడిన తన యుద్ధచరిత్ర మూడవ సంపుటమున చెప్పినాడు. సేనానులకే ఇట్లయినప్పుడు కాకినాడ నుండి వెళ్ళిన కుఱ్ఱవాడు సిగ్గుపడవలసిన పని లేదు.

మన ఇంగ్లీషునకును మన నుడికారము కలదు. 'డూ ది నీడ్‌ఫుల్', 'అవుట్ ఆఫ్ స్టేషన్', 'ప్రీపోన్' మనదేశపు కార్యాలయములలో చెల్లుబాటగు నాణెములు. ఇవి తప్పులని వెక్కిరించువారితో మేము ఏకీభవింపము. కాని ఆ నాణెము సముద్రము దాటిన పిమ్మట అన్ని అంగళ్ళలోను చెల్లదు. పట్టభద్రుడనైతినని చెప్పదలచి 'ఐ పాస్డ్ అవుట్' అన్నచో, సొమ్మసిల్లితినని విదేశీయుడు కంగారుపడును. అట్లే ఆటల మాటలును. అమెరికనుడు బేసుబాలు నుండి తెచ్చి, ఉజ్జాయింపు లెక్కను 'బాల్‌పార్క్ ఫిగర్' అనును. మనవాడు క్రికెట్టు నుండి తెచ్చి, ఇబ్బందికరమైన పరిస్థితిని 'స్టికీ వికెట్' అనును. ఒకరి ఆట ఒకరికి రాదు.

ఇక వీనిని నేర్చుకొను విధము. అయిదువందల జాతీయముల పట్టికను కంఠస్థము చేయుటవలన ప్రయోజనము స్వల్పమని మా అభిప్రాయము. పట్టికలో 'హెడ్స్ అప్' అనగా ముందుగా చెవిని వేయుట యని ఉండును. కట్టడపు పనిలో ఎవడైన అదే మాట కేకవేసినచో పైనుండి ఏదో పడుచున్నది, జాగ్రత్త యని అర్థము. పట్టిక నమ్మి నిలబడరాదు. కనుక ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున అన్నారో ఆ పూర్తి వాక్యమును వ్రాసికొనవలెను. దినమునకు ఒకటి చాలును. మొదట విని గ్రహించుట, చాలకాలమునకు గాని పలుకుట. అరకొరగా వచ్చిన జాతీయమును పైవారి యెదుట ప్రయోగించుటకంటె తేట మాట ఎల్లప్పుడును క్షేమము.

నిఘంటువు విషయమున ఒక మాట. సామాన్య నిఘంటువు ఇంగ్లీషు పుట్టుభాషగా గలవారిది. పరభాషలవారి కొఱకు హార్న్‌బీ పండితుడు మరియిద్దరితో కలిసి కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయినది. జాతీయము అను మాట దాని పేరులోనే ఉండెను. 1948లో ఆక్స్‌ఫర్డు వారు దానిని మరల ముద్రించిరి. ఆ కోవకు చెందిన నిఘంటువులలో ముఖ్యపదము క్రింద జాతీయములు విడిగా చూపబడును. బంతి సంగతి బాల్ అను మాట క్రింద దొరకును.

భారమంతయు క్రొత్తవానిపై మోపుటయు న్యాయము కాదు. 1948లోనే బ్రిటిషు ఖజానా శాఖ కోరికపై ఎర్నెస్ట్ గవర్సు తమ ఉద్యోగులకు తేటగా వ్రాయుట నేర్పు 'ప్లెయిన్ వర్డ్స్' అను చిన్న పుస్తకము రచించెను. తమ దేశీయుల కొఱకే అంత శ్రమపడినప్పుడు, నాలుగు భాషలవారు కూడిన సమావేశమున పెద్దలు 'ఈ పని నీవు చేయుము' అని సూటిగా చెప్పుటకు అభ్యంతరమేమి?

వారు చెప్పనప్పుడు అడుగవలెను. ఆ జాతీయమునకు అర్థమేమని అడుగుటకు బిడియమైనచో, తనకు తోచిన అర్థమును చిన్న మాటలలో తిరిగి చెప్పవచ్చును: 'అనగా శుక్రవారములోగా ఆ లెక్కలు నేను పంపవలెను, అంతేకదా?' అవునన్నను కాదన్నను, ఆ దినమునకు కావలసిన ఇంగ్లీషు వచ్చినట్లే.