నాల్గవ భారత పదాతి విభాగమున మద్రాసు సాపర్లు



నా బాల్యమున మా నగరి రచ్చబండకడ, రెండవ ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన పెద్దాయన యొకడు కూర్చుండెడివాడు. "పెదనాయనా, యుద్ధంలో నువ్వేం చేసినావు?" అని పిల్లల మడిగినచో, "మన్ను తవ్వినా నాయనా" అని నవ్వి యూరకుండెడివాడు. తుపాకి కాల్చలేదా యని మేము చిన్నబోయెడివారము. ఆయన మద్రాసు సాపరు. సాపరనగా నేమో నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

పదాతి విభాగమును సైనికులు డివిజనందురు. మూడు బ్రిగేడుల కాల్బలము, ఫిరంగులు, వైద్యులు, సరఫరావారు, బాటలు వేయువారు, అందఱును గలసి సుమారు 17,000 మంది. నాల్గవ భారత విభాగము 1939లో ఈజిప్టునందు ఏర్పడెను. ఎఱ్ఱ గ్రద్ద దాని గుఱుతు. 1940 డిసెంబరులో సిద్ది బర్రానీ, 1941 మార్చిలో ఎరిత్రియాలోని కెరెన్ కొండలు, పిమ్మట లిబియా యెడారి, ట్యునీసియా. 1943 మే 12న జర్మను సేనాని వాన్ ఆర్నిం ఈ విభాగమునకే లొంగిపోయెను. యుద్ధాంతమునకు ఇది పట్టిన బందీలు సుమారు 1,50,000 మంది. చనిపోయినవారు, గాయపడినవారు మొదలగువారు 25,000 మందియట. అనగా విభాగమంతయు ఒకమాఱు నశించి మఱల నిండినంత నష్టమన్నమాట!

ఈ విభాగమున మన మద్రాసు రాష్ట్రమువారు ముఖ్యముగా సాపర్లే. 1780లో మొదలైన ఆ దళమునకు బెంగుళూరు స్థానము. తమిళులు, తెలుగులు, మలయాళులు, కన్నడిగులు అందు చేరెడివారు. పారయు గడ్డపారయు వారి ఆయుధములు. తుపాకియు నుండును గాని, అది వీపుననే యుండును. సేతువు కట్టిన నలుని విడిచి యుద్ధకాండము చెప్పువాడు లేడు గదా! మన కథలలో మాత్రము ఈ నలులను విడిచితిమి.

వారి పని యెట్టిదో తెలియవలెనన్న ఇటలీలోని కసీనో కొండను జూడవలెను. ఎత్తున అది మన నగరిముక్కుకంటె చిన్నది. క్రీ.శ. 529లో వెలసిన క్రైస్తవమఠము దాని శిఖరమున నుండెను. 1944 ఫిబ్రవరి 15న మిత్రపక్షపు విమానములు దానిని కూల్చినవి. కూల్చినందువలన మేలు గలుగలేదు. ఆ శిథిలములే జర్మను పారాచూటు సైనికులకు కోటయైనవి. క్రింద మైదానమున ఎవడు కదలినను పైవారికి కానవచ్చును. కొండక్రింద బ్రతికిన మనకు దీని నెవరును విడమరచి చెప్పనక్కఱలేదు.

కొండవెనుకనుండి ట్యాంకులు నడుపుటకు కైరా గ్రామమువద్దనుండి బాట వేయవలసివచ్చెను. ఉన్నది కంచరగాడిదలు నడచు కాలిదారి. మనదేశపు సాపర్లును, న్యూజీలాండు ఇంజనీర్లును ఱాయి పగులగొట్టి, శత్రువు కంటబడకుండ వలలు గప్పి, ఆ దారిని వెడల్పు చేసిరి. దానికి కావెండిష్ రోడ్డని పేరు. దాని పైకొననున్న చోటికి సైనికులు "మద్రాసు సర్కస్" అని పేరు పెట్టిరి. గుడారముల సర్కసు గాదు. దారులు గూడుచోటిని లండనువారు సర్కసందురు. మార్చి 19న ట్యాంకులు ఆ బాటన పోయి జర్మనులను దిగ్భ్రమ నొందించినవి గాని, వెంట కాల్బలము లేక దెబ్బతిని మరలినవి. ఆ నెలాఖరులో మన విభాగమును అటనుండి తప్పించిరి. కొండ దానికి దక్కలేదు.

మందుపాతరల నేఱివేయుటయు సాపర్ల పనియే. కసీనోకు దక్షిణమున మిన్యానో గ్రామము కలదు. 1944 ఫిబ్రవరి 24న అచ్చట సుబేదారు సుబ్రహ్మణ్యన్, కాంచీపుర ప్రాంతమువాడు, కొందఱు సైనికులతో పాతరల నేఱుచుండెను. ఒక పాతర కదలిన చప్పుడు వినవచ్చెను. అట్టిది పేలుటకు కొన్ని క్షణములే వ్యవధి. పారిపోవుటకు ఆయనకును కాళ్లుండెను. ఆయన దానిమీద బోర్లపడెను. చుట్టునున్నవారు బ్రతికిరి. మరణానంతరము ఆయనకు జార్జి క్రాసు నొసగిరి.

మా రచ్చబండమీది పెద్దాయన ఆ కసీనో పేరు నొకసారియు నెత్తలేదు. ఆయన యే కంపెనీలో నుండెనో అడుగుటకు నాకు బుద్ధి పుట్టునప్పటికి ఆయన లేడు.

1944 మే 18న పోలండు సైనికులు ఆ మఠమున తమ జెండా నెత్తిరి. వారి ట్యాంకులు కొండవెనుకకు పోయినది కూడ కావెండిష్ రోడ్డు మీదుగానే.