కాలేజీ స్టార్‌కు అసలు పరీక్ష

1998లో అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులది ఒకటే వాదన. టెన్నెసీ యూనివర్సిటీ జట్టులో పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ పేటన్ మ్యానింగ్ గొప్పా, వాషింగ్టన్ స్టేట్ కుర్రాడు రయన్ లీఫ్ గొప్పా? ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పేరు మ్యానింగ్‌ది, రెండోది లీఫ్‌ది. తర్వాత మ్యానింగ్ 5 సార్లు లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచాడు. లీఫ్ మాత్రం స్కోరు తెచ్చిన 14 టచ్‌డౌన్ పాస్‌లు, ప్రత్యర్థి చేతికి చిక్కిన 36 ఇంటర్‌సెప్షన్లతో నాలుగేళ్లలోనే ఆట ముగించాడు.

చేతి బలం ఇద్దరికీ ఉంది. కానీ కాలేజీ ఆటలో పాస్ అందుకునేవాడి చుట్టూ దొరికే ఖాళీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్షణంలో మూసుకుపోతుంది. పైగా బంతి కదిలేదాకా ఒక వ్యూహం చూపించిన డిఫెన్స్, కదలగానే ఇంకో వ్యూహంలోకి మారిపోతుంది. భారీకాయులు మీదికి దూసుకొస్తుంటే, రెండు మూడు సెకన్లలో అదంతా పసిగట్టి బంతి విసరాలి. పరుగు వేగాన్ని స్టాప్‌వాచ్ చెబుతుంది. ఈ నిబ్బరాన్ని ఏ యంత్రం చెప్పగలదు?

అందుకే నిపుణుల అంచనాలూ తప్పుతుంటాయి. మిషిగన్‌లో ఆడిన టామ్ బ్రేడీని 2000లో 199వ ఎంపిక దాకా ఏ జట్టూ తీసుకోలేదు. అతను లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను 7 సార్లు గెలిచాడు! బ్రాక్ పర్డీ అయితే 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరి పేరు. 2024 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టును సూపర్ బౌల్‌లో నడిపించింది అతనే.

కొత్తవాణ్ణి వెంటనే మైదానంలోకి తోయకపోవడమూ ముఖ్యమే. ప్యాట్రిక్ మహోమ్స్‌ను కాన్సాస్ సిటీ 2017 సీజన్‌లో దాదాపు బెంచీ మీదే ఉంచింది. మరుసటి సీజన్‌లో అతను 50 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు.