ఒక గొలుసు, రెండు రకాల పూసలు



మన తాతలు మలయా తోటలలో చెట్లు గీసి రబ్బరు పాలు తీశారు. ఆ రబ్బరు ఒకే రకం పూసలు గుచ్చిన గొలుసు వంటిది. టైర్లలో కలిపే కృత్రిమ రబ్బరులో స్టైరీన్, బ్యూటాడయీన్ అనే రెండు రకాల పూసలుంటాయి. దీనిని కోపాలిమర్ అంటాము.

ఒకే ముద్దలో కొన్ని గొలుసులకు స్టైరీన్ ఎక్కువ, కొన్నింటికి తక్కువ ఉండవచ్చును. సగటు సరిపోయినా సరుకు గుణం మారుతుంది. పరిమాణాన్నిబట్టి వేరుచేస్తే, సమాన పరిమాణం గలవి కూర్పు వేరైనా కలిసే వస్తాయి.

1906లో రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు త్స్వెత్, సుద్దపొడి నింపిన గొట్టంలో ఆకు రంగులను విడదీసిన విధం ప్రకటించాడు. పొడికి అంటుకొనే ఆ గుణమే అధిశోషణం. 1979లో జపానులో తెరమాచి బృందం స్టైరీన్, మిథైల్ అక్రిలేట్ గల మరొక కోపాలిమరును సిలికా గొట్టంలో ఇలాగే విడదీసింది. ద్రావకం బలం క్రమంగా పెంచితే, అక్రిలేట్ తక్కువైనవి ముందు, ఎక్కువైనవి తరువాత బయటికి వస్తాయి. స్టైరీన్ అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది గనుక, ఏ భాగంలో అది ఎంత ఉన్నదో కొలవవచ్చును.

సగటు చూసి తృప్తిపడరాదు. తరగతి మార్కులు చూసే మేమూ ఈ పాఠమే ఆలస్యంగా నేర్చుకున్నాము.