బోధన్ చెరకు చరిత్ర: పంట రైతుది, నిర్ణయం ఎవరిది?

బోధన్ చెరకు చరిత్ర మంజీర నది నీటితో మొదలవుతుంది. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం కింద సుమారు 2.75 లక్షల ఎకరాలు తడపాలన్నది నాటి ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ లెక్క. నీటి వెంట చెరకు వచ్చింది. దాన్ని ఆడించడానికి నిజాం ప్రభుత్వం 1937లో బోధన్ పక్కనే చక్కెర కర్మాగారం నెలకొల్పింది. దాని చుట్టూ వెలసిన ఊరే శక్కర్‌నగర్. ఆసియాలోకెల్లా పెద్దదని పేరు మోసిన ఆ ఫ్యాక్టరీకి వేల ఎకరాల సొంత ఫారాలు ఉండేవి. కోస్తా జిల్లాల నుంచి వలస వచ్చిన రైతులు ఆయకట్టులో క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు.

చెరకు రైతుకు బేరమాడే వీలు తక్కువ. వడ్లయితే నాలుగు రోజులు కల్లంలో ఆపవచ్చు. కొట్టిన చెరకు ఒకటి రెండు రోజుల్లో గానుగలో పడకపోతే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే ఫ్యాక్టరీ ఇచ్చే కటింగ్ ఆర్డర్ కోసం రైతు కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తాడు. ఆర్డర్ ఆలస్యమైతే తోట నిలువునా ఎండుతుంది. బండి గేటు దాటాక కాటా ఫ్యాక్టరీది, చక్కెర రికవరీ లెక్క కూడా ఫ్యాక్టరీదే. ఆ రికవరీ మీదే ధర ఆధారపడుతుంది. 2024-25 సీజనుకు కేంద్రం 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు 340 రూపాయలు నిర్ణయించింది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం తోలిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే ఏటా 15 శాతం వడ్డీ కట్టాలి. చట్టం రైతు పక్షానే ఉంది. కానీ దాన్ని అమలు చేయించే బల్ల దగ్గర రైతుకు కుర్చీ లేదు. చెరకు రాజ్యంలోని అసలు లోపం ఇదే.

ఆ కుర్చీ కోసం తెలుగువారు చేసిన ప్రయత్నం చాలా పాతది. నాటి విశాఖ జిల్లా ఏటికొప్పాకలో 1933లోనే రైతుల సహకార చక్కెర ఫ్యాక్టరీ ఏర్పడింది. మహారాష్ట్ర సహకార చక్కెర ఉద్యమానికి పునాది అని చెప్పుకునే ప్రవర కంటే ఇది ముందుది. నిజామాబాద్‌ను ఆనుకునే ఉన్న సారంగాపూర్‌లో కూడా రైతుల వాటాలతో సహకార ఫ్యాక్టరీ నడిచి, తర్వాత మూతపడింది. రైతులు వాటాదారులైనంత మాత్రాన పెత్తనం వారి చేతికి రాలేదు. 1964 నాటి సహకార చట్టం కింద ఎన్నికైన పాలకవర్గాన్ని తప్పించి అధికారిని కూర్చోబెట్టే అధికారం ప్రభుత్వానికి ఉండేది. ఆ జోక్యానికి విరుగుడుగానే 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. సభ్యత్వం విషయంలో మరో చిక్కు ఉంది. అది పట్టా మీద ఆధారపడినంత కాలం కౌలు రైతు, పేరున భూమి లేని మహిళ, చెరకు కొట్టే కూలీ గడప బయటే మిగిలిపోతారు.

బోధన్ ఫ్యాక్టరీ మరో దారి పట్టింది. 2002లో ప్రభుత్వం బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లలో 51 శాతం వాటాను ప్రైవేటుకు ఇచ్చి, 49 శాతం తన దగ్గర ఉంచుకుంది. నిజాం దక్కన్ షుగర్స్ అనే ఉమ్మడి సంస్థ పుట్టింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటనతో మూడు యూనిట్లూ ఆగిపోయాయి. 2019లో కంపెనీ లా ట్రైబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. కార్మికుడి జీతం, ఊరి బజారు, రైతు పంట అన్నీ ఆ చిమ్నీకి ముడిపడి ఉన్నా, రాజుగారి కాలం నుంచి ట్రైబ్యునల్ దాకా ఏ మలుపులోనూ వారి ఓటు అడిగిన వారు లేరు. చెరకు వేసిన చేలు వరి వైపు మళ్లాయి. ఇప్పుడు వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ పేరుతో తీసే తరుగు మీద అదే తగువు కొనసాగుతోంది.

అడగకపోతే రైతులే అడిగారు. పసుపు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 కావాలని 2019 ఫిబ్రవరిలో ఆర్మూర్ ప్రాంత రైతులు రోడ్డెక్కారు. మాట చెల్లకపోవడంతో లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లు వేశారు. నిజామాబాద్ బరిలో నిలిచిన 185 మందిలో 170 మందికి పైగా రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. బోర్డు వచ్చినా ధర హామీ ఇంకా రాలేదు.

ఓటు కంటే లోతైన ప్రయోగం 2001 జూన్‌లో జహీరాబాద్ దగ్గర జరిగింది. 'ప్రజాతీర్పు' పేరిట సన్నకారు రైతులు, వారిలో ఎక్కువమంది దళిత మహిళలు, జ్యూరీగా కూర్చుని అధికారులను, విత్తన కంపెనీవారిని, శాస్త్రవేత్తలను ప్రశ్నించారు. వ్యవసాయం మీద బతికేవారిని 70 శాతం నుంచి 40కి తగ్గించాలన్న నాటి రాష్ట్ర ప్రభుత్వ విజన్ 2020 ప్రణాళికను వారు తిరస్కరించారు. తిండి, విత్తనం, భూమి మీద ఊరి అదుపు ఉండాలని తీర్పు చెప్పారు. ఆ తీర్పుకు చట్టబలం లేదు. అయినా అక్షరం రాని రైతు విధానాన్ని తూచి చూడగలదని అది రుజువు చేసింది.

బోధన్‌లో ఫ్యాక్టరీ తెరిచే మాట 2024లో మళ్లీ మొదలైంది. అందుకోసం మంత్రుల స్థాయి కమిటీ ఏర్పడింది. యంత్రాల కంటే ముందు తేలాల్సింది నీరు. ఎగువన సింగూరు నీరు హైదరాబాద్ దాహానికి మళ్లింది. కట్టినప్పుడు 29 టీఎంసీలకు పైబడిన నిజాంసాగర్ నిల్వ, పూడిక చేరి, ఇప్పుడు 17.8 టీఎంసీలే. ఏడాది పంట అయిన చెరకుకు అందులో వాటా ఎంత, చివరి తూము కింద ఉన్న రైతుకు ఎంత అన్నది 1997 సాగునీటి నిర్వహణ చట్టం కింద ఎన్నికయ్యే నీటి వినియోగదారుల సంఘాలు తేల్చాల్సిన పని. ఆ సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరగాలి. కాటాను రైతు ప్రతినిధి తనిఖీ చేయాలి. కటింగ్ ఆర్డర్ల జాబితా, చెల్లింపుల తేదీలు పంచాయతీ గోడ మీద అంటించాలి. పాలకమండలిలో పట్టాదారుతో పాటు కౌలుదారుకు, కూలీకి కుర్చీ ఉండాలి.