నీడలాట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



సుందరకాండమున సింహిక యను రాక్షసి కలదు. సముద్రమును లంఘించుచున్న హనుమంతుని ఆమె నేరుగ పట్టలేదు. నీటిపై పడిన నీడను పట్టినది. ఆ నీడ పది యోజనముల వెడల్పు, ముప్పది యోజనముల నిడివి యని వాల్మీకి లెక్క కూడ చెప్పినాడు. నీడను పట్టిన మనిషి చిక్కునా యని పెద్దలు నవ్వవచ్చును. అయిదేండ్ల బిడ్డ నవ్వదు. ఆ బిడ్డకు నీడయు ఒక వస్తువే; రాత్రివేళ అది ఎక్కడ పండుకొనునో యని విచారించు వయస్సది. స్విట్జర్లాండు దేశపు మనస్తత్వవేత్త ఝాఁ పియాజే పిల్లలను ప్రశ్నించి, 1927లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతినే వివరించెను. పసివారు నీడను వస్తువునుండి వెలువడు పదార్థముగ తలంతురు. వెలుగునకు అడ్డు తగిలినచోట కలిగిన లోటే నీడ యని యెరుగుటకు కొన్ని యేండ్లు పట్టును.

కావున ‘కాంతి ఋజుమార్గమున ప్రయాణించును’ అని వల్లె వేయించినచో వాక్యము నోటికి వచ్చును గాని, నీడ యెప్పటివలెనే పదార్థమై నిలుచును. ఈ భ్రమ తొలగుటకు ఆటయే మార్గము.

ఒకరి నీడ నొకరు తొక్కు ఆటకు సింహిక యని పేరిడిన బాగుండును. ఉదయము ఎనిమిది గంటలకు నీడలు పొడవైనవి, ఎవనినైనను తొక్కవచ్చును. మధ్యాహ్నమునకు నీడ కాళ్లక్రింద దూరును, ఆట చెడును. ఆట చెడినప్పుడే ప్రశ్న పుట్టును. అప్పుడు ఉపాధ్యాయుడు నోరు మెదపకుండుట కష్టమే గాని, అవసరము. సున్నపుముక్కతో ఒక పిల్లవాని నీడచుట్టును గీత గీయించి, గంట గడచిన పిమ్మట వానిని అదే పాదముద్రలపై నిలిపిన చాలును. నీడ గీతలో ఇమడదు. తాను జరుగలేదని వానికి తెలియును. మరి జరిగినది ఎవరు?

సాయంకాలము దీపము ముందు మరియొక వింత. చేయి దీపమునకు చేరువైన కొలది గోడపై నీడ రాక్షసాకారము దాల్చును. ఎండలో చేతిని ముందు వెనుకలకు ఎంత జరిపినను అట్లు పెరుగదు, అంచు మాత్రము మసకబారును. దీపము దాపున నున్నది, సూర్యుడు దవ్వున నున్నాడు, అంతియే భేదము. పెద్దపిల్లలకు దీనిలో గణితము కూడ కలదు. క్రీ.శ. 499 నాటికి ఇరువది మూడేండ్ల వాడగు ఆర్యభటుడు గణితపాదమున సూత్రమొసగినాడు. దీపమునకును శంకువునకును నడుమ దూరమును శంకువు ఎత్తుచే గుణించి, ఆ రెంటి ఎత్తుల భేదముచే భాగించిన నీడ పొడవు వచ్చును. దీపము 5 మూరల ఎత్తున, కఱ్ఱ 1 మూర, దూరము 4 మూరలు అయినచో నీడ ఒక మూర. కఱ్ఱను 8 మూరల దూరమునకు జరిపిన నీడ రెండు మూరలగును. పిల్లలు మూరతో కొలిచి సరిచూచుకొందురు. ఎక్కము వచ్చినవాడు ఈ లెక్కకు భయపడడు.

చెట్టుక్రింద పడిన వెలుగు బిళ్లలను ఎందరు పరికించిరి? ఆకుల సందులు మూలలు తీరినవి, చీలినవి. అయినను ఎండ నడినెత్తిన నున్నపుడు బిళ్లలు గుండ్రముగనే యుండును. అవి సందుల ఆకారములు కావు, సూర్యుని ప్రతిబింబములు. రెండంగుళముల స్ఫుటమైన బిళ్ల కనబడినచో, దానిని పంపిన సందు ఇంచుమించు 18 అడుగుల ఎత్తున నున్నదని చెప్పవచ్చును.

ఇచ్చట ఒక మాట నిష్కర్షగ చెప్పవలసియున్నది. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణము తెలుగునాట పాక్షికముగ కనబడినది. నాడు తలుపులు మూసి పిల్లలను లోపల కూర్చుండబెట్టిన యిండ్లు పెక్కు. పెద్దల భయము నిరాధారము కాదు: సూర్యుని సూటిగ చూచిన కంటిపొర నొప్పి తెలియకయే కాలును. కాని దానికి మందు తలుపు మూయుట కాదు. సూర్యునికి వీపు త్రిప్పి వేపచెట్టు నీడలో నేలను చూచినచో, ప్రతి బిళ్లయు నెలవంకయై కానవచ్చును. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణమును పరిశోధించుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సముద్రములు దాటి గుంటూరు చేరెను. పరదేశి అంత దూరము వచ్చి చూచినదానిని ఆ నేలబిడ్డలు వాకిట చూడకుండుట తగునా?

తోలుబొమ్మలాట గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారులు పలుచన చేసి రంగులద్దిన తోలు వెలుగును కొంత పోనిచ్చును గనుక తెరపై నీడకు కూడ రంగు వచ్చునని పిల్లలకు ఒక్కసారి చూపిన చాలును.

ఈ గ్రంథాలయ ప్రాంగణమున మూరెడు కొయ్య నొకదానిని నిట్టనిలువుగ పాతి, ప్రతి ఆదివారము మిట్టమధ్యాహ్నమున నీడకొనను పిల్లలచేత గుర్తింపజేయవచ్చును. ఖర్చు లేదు. చలికాలమంతయు నీడ ఉత్తరమునకు పడును. వేసవి ముదిరిన కొలది కుదియును. హైదరాబాదున మే 9, ఆగస్టు 3 ప్రాంతముల నడిమింట అది అదృశ్యమగును. దక్షిణమునకు పోయిన కొలది మొదటిది మరికొంత ముందుగను, రెండవది మరికొంత ఆలస్యముగను వచ్చును. ఆ రెండు దినముల నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణమునకు తిరుగును. దానిని మొదట కనిపెట్టిన పిల్లవాని పేరు గ్రంథాలయపు నల్లబల్లపై వ్రాయవలెను.