యెకొన్యా తరువాత



ఈ స్మారకోపన్యాసానికి దేవుని వాగ్దానాలు అనే అంశం ఇచ్చారు. వాగ్దానాలనగానే మన చేతులు కీర్తనల గ్రంథం వైపో, యెషయా వైపో వెళ్తాయి. నేను మత్తయి సువార్త మొదటి అధ్యాయం తీస్తున్నాను. క్రిస్మస్ ఆరాధనలో గబగబా చదివేసే ఆ పేర్ల వరుసే ఈ సాయంత్రం నా వాక్యభాగం.

పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు వంశంలో పేరున్నవాళ్లనే చెప్పుకుంటాం, తక్కినవాళ్ల ఊసెత్తం. మత్తయి అలా దాచలేదు. తామారును చెప్పాడు, యెరికో వేశ్య రాహాబును చెప్పాడు, మోయాబీయురాలు రూతును చెప్పాడు. బత్షెబను పేరు పెట్టి పిలవకుండా ఊరియా భార్య అన్నాడు. దావీదు చేసిన పని ఎవరూ మరిచిపోయే వీల్లేకుండా చేశాడు. ఈ నలుగురి మీదా మంచి ప్రసంగాలే విన్నాం. యెకొన్యా మీద మాత్రం ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. నన్నడిగితే ఆ వరుసలో అసలు చిక్కంతా అతని దగ్గరే ఉంది.

దావీదు సింహాసనం ఎన్నటికీ నిలుస్తుందని నాతాను ప్రవక్త నోట దేవుడు మాట ఇచ్చాడు. యెహోయాకీను అని కూడా పిలిచే ఈ యెకొన్యా పద్దెనిమిదేళ్లకు ఆ సింహాసనం ఎక్కి మూడు నెలలు ఏలాడు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు అతన్ని తల్లితో సహా తన దేశానికి చెరపట్టుకుపోయాడు. ఇతను నా కుడిచేతి ముద్ర ఉంగరమైనా ఊడబెరికి పారేస్తానని దేవుడు యిర్మీయా ప్రవక్త చేత చెప్పించాడు. సంతానహీనుడని రాసుకోండి, ఇతని సంతతివాడెవడూ దావీదు సింహాసనం మీద కూర్చోడు అనీ పలికించాడు. ఇచ్చిన మాట ఒకటి, దానికి అడ్డంగా ఈ మాట ఇంకొకటి. రెండూ ఆయనవే!

బబులోను శిథిలాల్లో తవ్వకాలు జరిపిన జర్మన్లకు మట్టి పలకలు దొరికాయి. అవి రాజుగారి కొఠారు లెక్కలు. 1939లో పండితుడు ఎర్న్‌స్ట్ వైడ్నర్ వాటిని ప్రకటించాడు. యూదా రాజు యెహోయాకీనుకు ఇంత నూనె, అతని అయిదుగురు కొడుకులకు ఇంత అని ఏ గుమాస్తానో రాసిపెట్టాడు. సంతానహీనుడని యెరూషలేములో ప్రకటితమైనవాడికి శత్రువు కొఠారులో అయిదుగురు బిడ్డల పేర రేషన్ నడిచింది. శాపం మాట సింహాసనం గురించే కాబట్టి ప్రవచనం తప్పలేదు. కానీ దావీదు వంశ దీపం ఆరలేదు.

యెకొన్యా చెరలో ముప్పై ఏడో ఏట బబులోను రాజు ఎవీల్మెరోదకు అతన్ని బందీఖానా నుంచి విడిపించి తన బల్ల దగ్గర భోజనం పెట్టించాడు. రాజుల గ్రంథం అక్కడితో ఆగిపోతుంది. యెరూషలేము బూడిదైన తరువాత ఆ గ్రంథకర్తకు రాయడానికి మిగిలిన మంచి కబురు అదొక్కటే.

క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త అదే ఉంగరాన్ని మళ్లీ ఎత్తాడు. యెకొన్యా మనుమడు జెరుబ్బాబెలును ముద్ర ఉంగరంగా చేస్తానని దేవుడు చెప్పిన మాట అది. ఊడబెరికిన చేతికే ఉంగరం తిరిగి వచ్చింది. నాకు ఇంతకంటే పెద్ద క్షమాపణ పత్రం పాత నిబంధనలో కనబడదు. మత్తయి మరియకు యేసు పుట్టాడని రాసి, యోసేపు కన్నాడని రాయకపోవడంతో శాపం తప్పిందని కొందరు వ్యాఖ్యాతలు వాదిస్తారు. నాకది వకీలు తెలివిలా అనిపిస్తుంది. హగ్గయి జవాబు చాలు.

మళ్లీ ఆ పేర్ల వరుసకు వద్దాం. దాన్ని పద్నాలుగేసి తరాలుగా లెక్కకడుతూ అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజుల్ని మత్తయి వదిలేశాడు. అంటే పేరు తీసేయడం అతనికి చేతకాని పని కాదు. అయినా యెకొన్యాను ఉంచాడు.

ఆ జెరుబ్బాబెలు కూడా రాజు కాలేదు, పారసీక సామ్రాజ్యం కింద యూదా అధికారి అయ్యాడంతే. అతని తరువాత అబీహూదు, ఎల్యాకీము, అజోరు, సాదోకు, ఆకీము, ఎలీహూదు, ఎలియాజరు, మత్తాను, యాకోబు. వీళ్లేం చేశారో పాత నిబంధనలో ఎక్కడా లేదు. పారసీకులు పోయి గ్రీకులు, గ్రీకులు పోయి రోమీయులు వచ్చారు. ఒక్కొక్కరూ ఒక కొడుకును కని, పేరు పెట్టి, కన్నుమూశారు. యాకోబు కొడుకు యోసేపు నజరేతులో వడ్రంగం చేసుకునేవాడు.