వృద్ధాశ్రమములలో వ్యక్తి



2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము జిల్లాకొక్క వృద్ధాశ్రమమైనను నెలకొల్పి, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రయ మొసగవచ్చునని రాష్ట్ర ప్రభుత్వములకు దారి చూపినది. అంతమందికిని ఒకే వేళ స్నానము, ఒకే వేళ నిద్ర విధించుట నిర్వాహకులకు సులభమే. కాని తెల్లవారుజామున లేచి తులసికోటకు నీరు పోయుట అలవాటైన తల్లిని ఎనిమిదింటి వరకు మంచముననే ఉంచుట సంరక్షణ యనిపించుకొనదు.

మతిమరపు వ్యాధిలో వ్యాధికంటె మనిషిని ముందు చూడవలెనని ఆంగ్ల మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్ 1997లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. స్నానము చేయించుటకు ముందు అడుగుట, వరుసపెట్టి పిలుచుట, ఆశ్రమవాసి గతజీవితమును తెలిసికొనుట ఇందలి మొదటి మెట్లు. వీనికి చాలినంతమంది పరిచారకులును, వారికి ఓపికయు కావలెను.

స్వస్థలమునకు దూరముగ నున్న మనకు మరొక చిక్కు కలదు. ఈ వ్యాధిలో తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి, తల్లిభాషయే మిగులుట తరచుగా జరుగును. హిందీలో అడిగినదానికి బదులు పలుకని తెలుగు ముసలమ్మను మొండిదనుట అన్యాయము. ఆకలి, చలి, నొప్పి అను మాటలను, ఆమె ఇష్టాయిష్టములను నాగరి లిపిలో ఒక కాగితముపై వ్రాసి పరిచారికల చేతికిత్తము. వారమున కొకరము పోయి ఆమెతో తెలుగున ముచ్చటింతము. తెలుగు సంఘమునకు ఇంతకంటె తగిన పని యేది?